అయిదో పేజీలో కన్నం

నాలుగో తరగతి గది, కారని మూల
జూలై 6

అయిదో పేజీ ఏలిక, వార్తల వడపోతలో ఆరితేరిన మా అక్కగారి దివ్యసముఖమునకు,

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే "ఊఁ... ఊఁ... సరే ఉంటా, పేజీ ప్రెస్సుకు వెళ్తోంది" అని పెట్టేస్తావు. ఉత్తరానికి ఆ సౌకర్యం లేదు. నేను రాసిందంతా చచ్చినట్టు చదవాల్సిందే.

విశేషమేమిటంటే, మా రైలుగేటు బడి ప్రపంచంలోకి అడుగుపెట్టింది. పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రోజూ మొదటి పావుగంట పిల్లలకు వర్తమాన విషయాలు పరిచయం చేయాలట. చాలా బాగుంది అనుకునేలోపు రెండో పేరా వచ్చింది: "అయితే బాలల లేత మనసులు ఎట్టి పరిస్థితుల్లోనూ కలత చెందరాదు." కలత పెట్టే వాటి జాబితా కూడా జతచేశారు. ప్రమాదాలు, నేరాలు, యుద్ధాలు, రోగాలు, ధరలు, ఎన్నికలు, సినిమావాళ్ల విడాకులు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది వర్తమానం కాదక్కా, వాతావరణం.

మా పెద్దసారు నీకు తెలియదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఒక్క ఉత్తర్వును కూడా ప్రశ్నించి ఎరగరు. తెల్లారి ఎనిమిదిన్నరకే బల్ల ముందు కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి, కత్తెర తీసుకుని మీ పేపరు మీద పడతారు. హత్యను కోస్తారు, లారీని కోస్తారు, ఉల్లిపాయ ధరను కోస్తారు. ఆ తర్వాత కాగితం నా తరగతికి వస్తుంది. అది పేపరులా ఉండదు, పురుగు కొట్టిన ఆకులా ఉంటుంది.

కాగితానికి వెనకవైపు కూడా ఒకటుంటుందన్న సంగతి వారి దృష్టికి ఇంకా రాలేదు. నిన్న మొదటి పేజీలో ఒక దొంగతనాన్ని కోశారు. దాని వెనక పోటీలో గెలిచిన ఆటగాడి తల ఉంది. మా పిల్లలు తల లేని వీరుడు కప్పు ఎత్తడం చూసి చప్పట్లు కొట్టారు.

ఇంకో రహస్యం. జూన్ చివర్లో వానలు పట్టాయి కదా. నా గది కప్పు మూడు చోట్ల కారుతుంది. అందుకని, "రేపు వాన పడితే నాలుగో తరగతి వాళ్లెవరూ రానక్కర్లేదు, ఇది రాజాజ్ఞ" అని ప్రకటించాను. మర్నాడు జ్వరమని చీటీ పంపి, నువ్విచ్చిన నవలను దుప్పట్లో దూరి చదివేశాను. నా తరగతిలో ఒక్కరంటే ఒక్కరు రాలేదట! ఇంత క్రమశిక్షణ గల తరగతి ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఉందా?

ఇట్లు,
లోకాన్ని కన్నాల్లోంచి చూపించువాడు,
నీ తమ్ముడు

*

డెస్కు, మూడో అంతస్తు (ఫ్యాను కింద కాదు)
జూలై 15

ఒరేయ్,

నీ ఉత్తరం నాలుగు పేజీలు. విషయం అర పేజీ. మా దగ్గరైతే మొదటి పేరా, రెండో పేరా ఎగిరిపోయి "దివ్యసముఖము" బుట్టలో ఉండేది.

పెద్దసారును అంత వెక్కిరించకు. నేను చేసేదీ అదే పని. రోజుకు వంద వార్తలొస్తే ఇరవై పడతాయి. మిగతా ఎనభై కన్నాలే. కాకపోతే మా కన్నాలు బయటికి కనిపించవు, పక్క వార్తను లాగి కప్పేస్తాం. మీ పెద్దసారు నిజాయితీపరుడు, కన్నాన్ని కన్నంలాగే ఉంచుతున్నాడు.

ఆ వాన సెలవు గొప్పలు మాత్రం ఇంకెవరి దగ్గరా చెప్పకు. నీ ఉద్యోగం ఇంకా ఏడాది ప్రొబేషన్ మీదే ఉంది. పాతికేళ్ల వెధవవి, దుప్పట్లో నవలేంటి?

అక్క

*

నాలుగో తరగతి గది
ఆగస్టు 12

అక్కా,

గొప్ప విద్యా విప్లవం ఒకటి జరిగిపోయింది. దాని కర్త నేను కాదు, కత్తెర.

మొదటి వారం పిల్లలు మిగిలిన వార్తలు చదివారు. రెండో వారం నుంచి వాటిని పట్టించుకోవడం మానేశారు. ఇప్పుడు పేపరు రాగానే వెలుతురుకెత్తి పట్టి, "ఇవాళ ఎన్ని?" అని కన్నాలు లెక్కపెడుతున్నారు. దీనికి నాయకురాలు దర్జీ కూతురు. తొమ్మిదేళ్లుంటాయి, రెండు జడలు, సందేహాలు లెక్కలేనన్ని. బడంతా లాయరమ్మ అంటుంది.

"సార్, పెద్దసారు ముఖ్యమైనవే కోస్తారు కదా?"

"ముఖ్యమైనవని కాదమ్మా. మిమ్మల్ని కలత పెట్టేవి."

"అంటే ముఖ్యమైనవే."



ఇప్పుడు వాళ్ల దగ్గర 'కన్నాల పుస్తకం' అని ఒకటుంది. ప్రతి కన్నం ఆకారం అందులో గీస్తారు. పక్కన ఉన్న సగం వాక్యాలు, తెగిన బొమ్మల అంచులు చూసి, అక్కడ ఏముండేదో ఊహించి రాస్తారు. తర్వాత సాయంత్రం ఇళ్లలో, మంగలి దుకాణంలో, టీ బడ్డీలో మామూలు పేపరు చూసి మార్కులు వేసుకుంటారు. ఉత్తర్వు రాసిన మహానుభావుడికి చెప్పు, మా నాలుగో తరగతి రోజూ సాయంత్రం నేరాలు, ధరలు, విడాకులు శ్రద్ధగా అధ్యయనం చేస్తోందని.

అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. పోయిన గురువారం అయిదో పేజీ, ఎడమ వరస, కింద. అగ్గిపెట్టెంత కన్నం. ఆ రోజు టీ బడ్డీలో పేపరు తడిసింది, మంగలి దగ్గర ఎవరో చింపుకుపోయారు. చుట్టుపక్కల నేరం లేదు, ధర లేదు. ఒకవైపు పశువుల ఆసుపత్రి, ఇంకోవైపు మొక్కలు నాటిన వార్త. వాటి మధ్య అంత భయంకరమైనదేముంటుందని మా వాళ్లకు అన్నం సయించడం లేదు.

ఆ పేజీ నీ రాజ్యమే కదా. ఆ కన్నంలో ఏముంది?

తమ్ముడు

*

డెస్కు
ఆగస్టు 20

తమ్ముడూ,

క్షేమమని తలుస్తాను. ఇక్కడ అందరం బాగున్నాం. ఆఫీసులో కుర్చీలు మార్చారు, నడుం నొప్పి కాస్త తగ్గింది.

నువ్వడిగిన వార్త సరిగ్గా గుర్తు లేదు. ఏదో ఆఫీసు ప్రకటన అయి ఉంటుంది, అలాంటివి రోజూ వస్తుంటాయి. పిల్లలకు కన్నాలు కాకుండా ఇంకేదైనా నేర్పకూడదా? మొక్కలు నాటిన వార్త బాగుంది కదా.

వాన గాలులు ఎక్కువయ్యాయి. చెవులకు ఏమైనా కట్టుకో.

ప్రేమతో,
అక్క

*

రైలుగేటు బడి, వరండా
సెప్టెంబరు 3

గౌరవనీయులైన ఉపసంపాదకురాలికి,

నీ ఉత్తరంలో "క్షేమమని తలుస్తాను" అని చూడగానే అనుమానం వచ్చింది. నువ్వు పుట్టాక ఎవరినీ క్షేమమని తలచి ఎరగవు.

మీ కన్నం దొరికింది. ఎక్కడంటావా? చొక్కా చేతిలో. లాయరమ్మ వాళ్ల నాన్న గుడ్డ కోసేముందు పాత పేపరు మీద కొలతలు గీసి, కాగితం కోసి, దాన్ని గుడ్డ మీద పెట్టి కోస్తాడు. గోడకు మేకులేసి వాటిని వరసగా తగిలిస్తాడు, మెడలు, జేబులు, చేతులు. ఆ పిల్ల నెల రోజుల పేపర్లన్నీ ఆ మేకుల మీదే చదివేసింది. నిన్న పొద్దున ఎవరో పెద్దమనిషి కుడిచేతిని చంకలో పెట్టుకుని బడికొచ్చింది. మా పేపరు మీద పెట్టింది. కన్నంలో అచ్చంగా కూర్చుంది.

ఇది నువ్వు రాసిందే కాబట్టి నీకు కంఠతా వచ్చే ఉంటుంది, అయినా వినిపిస్తాను: "విద్యార్థుల సంఖ్య నలభై లోపు ఉన్న ప్రాథమిక పాఠశాలలను వచ్చే జనవరి నుంచి సమీప పాఠశాలల్లో విలీనం చేయనున్నారు. రైలుగేటు పాఠశాల (33)..."

ఎంత శుభ్రమైన వాక్యాలక్కా! విలీనమట. పంచదార పాలల్లో కలుస్తుందేమో అనుకుంటారు చదివేవాళ్లు. అసలు సంగతి ఏమిటంటే మా బడి మూసేస్తారు. పెద్ద బడి గేటు అవతల ఉంది. ఆరేళ్ల పిల్లలు రోజూ రెండుసార్లు పట్టాలు దాటాలి. గేటు పడితే పెద్దవాళ్లే ఆగరు.

పేపరు పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లాను.

"ఇది మాకు తెలియకుండా ఎందుకు కోశారు సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. "పిల్లలు బెంగపడతారయ్యా" అన్నారు.

"జాబితాలో బెంగ లేదు సార్. నేరాలు, రోగాలు, ధరలే ఉన్నాయి."

"నాకు బెంగగా ఉందయ్యా" అన్నారు. ఆయన్ను నేను వెక్కిరించాలని వెళ్లాను. కుదరలేదు.

నిన్ను వెక్కిరించడానికి మాత్రం ఏ అడ్డంకీ లేదు. మా బడి పేరు నీ బల్ల మీదికొచ్చింది, నువ్వు చదివావు, అచ్చు వేశావు, నడుం నొప్పి గురించి నాకు రాశావు. భలే!

ఇంకోటి. పిల్లలు లెక్కపెట్టారు. మా బడిలో నలభై ఏడుగురున్నారు. ముప్పై మూడు ఎవడి తలలోంచి ఊడిపడిందో, ఏ ఆఫీసులో ఏ నిద్రమొహం గాడు టీ తాగుతూ రాశాడో కనుక్కుని చెప్పు. పిల్లల చేత మీ ఎడిటరుకు ఉత్తరం రాయిస్తున్నాను. ఆ వెధవను పేపరుకెక్కిస్తాను.

ఇట్లు,
విలీనమవుతున్నవాడు

*

డెస్కు
సెప్టెంబరు 9

ఒరేయ్,

తిట్టు. తిట్టించుకోవలసిందే.

ఆ ప్రకటన వచ్చినప్పుడు ఇరవై పంక్తులు. చోటు ఎనిమిదింటికే ఉంది. మీ బడి పేరు చూశాను. ఫోన్ తీశాను కూడా. నువ్వు దాన్ని ఒక జోకు చేసి నవ్వుతావు, తర్వాత ఒక్కడివే కూర్చుంటావు. అది తలచుకుని పెట్టేశాను. పేజీ వెళ్లిపోయింది. నీకు మొదటి ఉత్తరంలో రాసింది నా మీదే తిరగబడింది చూడు, మా కన్నాలు బయటికి కనిపించవని.

అసలు కాగితం మళ్లీ వెతికి తీశాను. నేను కోసేసిన పన్నెండు పంక్తుల్లో ఒకటి ఇది: "జూన్ 27వ తేదీ హాజరు ఆధారంగా." ఆ రోజు ఎందరొచ్చారో రాసి పంపమని అన్ని బళ్లకూ కాగితం వెళ్లిందట. మీ పెద్దసారు ఎందరొచ్చారో అంతే రాశాడు. రిజిస్టరులో ఎందరున్నారని ఎవరూ అడగలేదు, అడగందానికి ఆయన జవాబు చెప్పడు కదా.

జూన్ 27. ఆ వారం ఇక్కడా వానే. నీ జూలై ఉత్తరం సొరుగులోనే ఉంది, మళ్లీ చదివాను.

నేనేం రాయను. నువ్వే చూసుకో.

అక్క

*

నాలుగో తరగతి గది
సెప్టెంబరు 16

అక్కా,

ఆ ఆఫీసులో టీ తాగుతున్న నిద్రమొహం గాడి ఆచూకీ దొరికింది. దుప్పట్లో ఉన్నాడు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తరగతికి వెళ్లాను. తేదీ మాత్రం చెప్పి, "ఆ రోజు ఎందుకు తక్కువ మంది వచ్చి ఉంటారో ఊహించండి" అన్నాను. ఊహించలేకపోతారని నా ఆశ. ఎంత తెలివో చూడు, మూడు నెలలుగా కన్నాలు ఊహించడం తప్ప ఇంకేమీ నేర్పనివాడికి!

లాయరమ్మ బోర్డు దగ్గరికి వెళ్లింది. నలభై ఏడు రాసింది. కింద ముప్పై మూడు రాసింది. గీత గీసింది. పద్నాలుగు. సుద్దముక్క పట్టుకునే వెనక్కి తిరిగి, బెంచీల మీద వేలు ఆడించుకుంటూ లెక్కపెట్టింది.

"పద్నాలుగు మంది మనమే సార్."

 ఒకడు సంతోషంగా, "ఆ రోజు మీరే కదా సార్ రావద్దన్నారు, రాజాజ్ఞ!" అన్నాడు. వాడికి గుర్తున్నందుకు వాడికి గర్వం.

"మరి మీకు జ్వరం నిజమేనా సార్?" అంది లాయరమ్మ.

నలభై రకాల జోకులు నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు. లేదమ్మా అన్నాను.

మూడు నెలలుగా పెద్దసారును, ఉత్తర్వును, ఆఫీసును, నిన్ను వెక్కిరిస్తూ కూర్చున్నాను. ఆ రోజు ఆ ముసలాయన గొడుగేసుకుని వచ్చారు, మిగతా పిల్లలంతా తడుచుకుంటూ వచ్చారు, ఆయన భయానికే అనుకో. బడిని మూయించే పని ఒకే ఒక్కడు చేశాడు, అదీ పడుకుని.

ఉత్తరం పిల్లలే రాశారు. నేను అక్షరదోషాలు దిద్దాను. తర్వాత అందరూ వెళ్లిపోయాక పెద్దసారు కత్తెర అడిగి తెచ్చుకున్నాను. ఒక్క వాక్యం అక్కా. అది తీసేసినా ఉత్తరం నిలబడుతుంది. నలభై ఏడు ఉంటుంది, గేటు ఉంటుంది, బడి బతకొచ్చు, నా ఉద్యోగమూ బతకొచ్చు. కాగితం మడిచి కత్తెర తెరిచాను.

"ఏం కోస్తున్నారు సార్?"

గుమ్మంలో లాయరమ్మ. పోస్టు డబ్బాలో తనే వేస్తానని ఆగిందట.

"దారం" అన్నాను.

ఆ పిల్ల బల్ల మీద చూసింది, కింద చూసింది. "ఏదీ?" అంది.

కోయలేదు. ఇదిగో, ఉన్నదున్నట్టు:

"ఎడిటరు గారికి, నమస్తే. మేము రైలుగేటు బడి నాలుగో తరగతి. మీ పేపరులో మా బడికి ముప్పై మూడు అని వేశారు. తప్పు. మేము నలభై ఏడు. నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి లెక్కపెట్టాం. రెండోసారి ఒకడు బల్ల కింద నిద్రపోయాడు, వాడిని కూడా కలిపాం. జూన్ 27న మీరు లెక్కపెట్టిన రోజు వాన. వానొస్తే రావద్దని మా సారు చెప్పారు, ఆయన కూడా రాలేదు, జ్వరమని అబద్ధం చెప్పారు. అందుకే పద్నాలుగు మంది తగ్గాం. పెద్ద బడి గేటు అవతల ఉంది. మా చెల్లి ఒకటో తరగతి. గేటు వేస్తే అది కిందనుంచి దూరుతుంది, ఎంత చెప్పినా వినదు. కాబట్టి మళ్లీ వచ్చి లెక్కపెట్టండి. చెప్పకుండా వచ్చినా పర్వాలేదు. వాన రోజే రండి."

తమ్ముడు

*

డెస్కు
సెప్టెంబరు 22

ఒరేయ్,

గురువారం వస్తోంది. ఉత్తరాలకు పదిహేను పంక్తులే కొలత, మీది ఇరవై దాటింది. మా ఎడిటరు చదివి, "టీచరు సంగతి లేపెయ్, సరిపోతుంది" అన్నాడు. "అది తీస్తే ముప్పై మూడు ఎలా వచ్చిందో ఎవరికీ అర్థం కాదండీ. పైగా ఆ టీచరు మా తమ్ముడు" అన్నాను. ఆయన నా వైపు ఒక చూపు చూసి, మా పేపరును పొగుడుతూ వచ్చిన ఉత్తరం తీసి పక్కన పడేశాడు.

పక్కనే మా సవరణ కూడా ఉంటుంది. వార్తను కుదించడంలో పొరపాటు మాదే అని. అది నేనే రాశాను. మూడు పంక్తులు రాయడానికి గంట పట్టింది.

ఉద్యోగం పోతే మా ముందుగది ఖాళీగానే ఉంది. నవలలు తీసుకురాకు.

అక్క

*

నాలుగో తరగతి గది (ఇప్పటికీ)
అక్టోబరు 18

అక్కా,

ముఖ్యమైన సంగతి ముందు చెప్పాలని నువ్వు వందసార్లు చెప్పావు. అందుకని చివర్లో చెబుతాను. ముందు చిల్లర సంగతులు.

మళ్లీ లెక్కపెట్టడానికి అధికారి వచ్చాడు, నిజంగానే చెప్పకుండా, నిజంగానే వాన రోజు. నలభై ఏడుగురూ ఉన్నారు, బల్ల కింద ఒకడితో సహా. "ఇంత వానలో అందరూ ఎలా వచ్చారమ్మా?" అని మెచ్చుకోలుగా అడిగాడు.

లాయరమ్మ లేచింది. "మా సారుకు వానొస్తే జ్వరం వస్తుందండీ. అందుకని పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి మేమే తీసుకొచ్చాం."

నిజమే. ఆరున్నరకు పద్నాలుగు గొడుగులు నా మంచం చుట్టూ నిలబడ్డాయి.

మా బడిని జాబితాలోంచి తీసేశారు. అదే కవర్లో నాకు వేరే కాగితం వచ్చింది, సంజాయిషీ రాయమని. నా ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. ఉద్యోగం ఊడలేదు కాబట్టి నీ ముందుగదికి ప్రస్తుతం ప్రమాదం లేదు.

ఇప్పుడు ముఖ్యమైనది. ఉత్తరం పడిన గురువారం పొద్దున.

పేపరు నా తరగతికి వచ్చింది. విప్పాను. ఒక్క కన్నం లేదు. హత్య ఉంది, ధరలు ఉన్నాయి, ఎవరో మంత్రి ఉన్నాడు. పిల్లలు మొదట నమ్మలేదు, వెలుతురుకెత్తి చూశారు. అప్పుడు దొరికింది. అయిదో పేజీలో, వాళ్ల ఉత్తరం మధ్యలో, బ్లేడుతో కోసిన సన్నటి చీలిక. కత్తెర అయితే పక్క వాక్యాలు కూడా పోతాయని బ్లేడు వాడినట్టున్నారు. సరిగ్గా ఒక్క వాక్యం. నాది.

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయన ఉత్తర్వును మీరారు. ఒక్క కోత తప్ప ఏదీ కోయలేదు. ఆ ఒక్కటీ కోసింది పిల్లల లేత మనసు కోసం కాదు.

లాయరమ్మ నిలబడి చదవడం మొదలుపెట్టింది. నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి. బల్ల కింద నిద్రపోయినవాడు చెయ్యెత్తి అందరికీ దండం పెట్టాడు. వాన దాకా వచ్చింది. ఆగింది. చీలికలోంచి వేలు బయటికి పెట్టి, ఆ వేలిని చూసి, నన్ను చూసింది. గుమ్మం పక్క వరండాలో పెద్దసారు చెప్పులు కనిపిస్తున్నాయి.

వెక్కిరించడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు. "చదవమ్మా" అన్నాను.

పద్నాలుగు మందీ ఒక్కసారి లేచి, గేటు అవతలి పెద్ద బడికి కూడా వినపడేంత గట్టిగా, కన్నంలోని వాక్యం అప్పజెప్పారు:

"వానొస్తే రావద్దని మా సారు చెప్పారు, ఆయన కూడా రాలేదు, జ్వరమని అబద్ధం చెప్పారు!"

చెప్పులు కదిలాయి. లోపలికి తల పెట్టి, పెద్దసారు చాలా కఠినంగా అన్నారు, "అయ్యాక తర్వాతి పేజీ తిప్పండి. పావుగంటే ఉంది."

సంజాయిషీ ఇంకా రాయలేదక్కా. లాయరమ్మ మాత్రం, "మీరొద్దు సార్, మేమే రాస్తాం" అంటోంది.

తమ్ముడు